సరే, పెంచుదాంలే

ఫారం మీద పేరు చూసి నా చెయ్యాగింది.
త్సాయ్ బాంగ్‌చీ. అరవై తొమ్మిదేళ్లు. పొగతాగే అలవాటు లేదు.

ఆ పేరు ఇప్పుడెవరూ పెట్టరు.
నాలుగో కాన్పులోనూ ఆడపిల్లే అని తేలాక
'సరే, పెంచుదాంలే' అనుకుని
తైవాన్ తీరంలో ఒకప్పుడు పెట్టిన పేరది.
తుంగ్‌షీ రేవులో మా అమ్మ
ఆల్చిప్పల మాంసం కొనేది ఆమె దగ్గరే.
కొసరు వేసేటప్పుడు నా వైపు చూసి వేసేది.

ఇప్పుడు ఆమె ఊపిరితిత్తిలోంచి తీసిన ముక్క
బియ్యపు గింజంత,
మైనపు దిమ్మెలో మునిగి నా ముందుంది.
నా పని కోయడం.
ఉల్లిపొర సిగ్గుపడేంత పలచగా కోసి,
గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి,
గాజు పలక మీదికి ఎక్కించడం.
చదవడం యంత్రం పని.

చదివింది:
పంతొమ్మిదో ఖండికలో పదిహేను అక్షరాలు లేవు.
ముద్రారాక్షసం అనుకుని సర్దుకుందామంటే
ప్రతి ప్రతిలోనూ అదే తప్పు,
ప్రతులు మాత్రం ఆగకుండా అచ్చవుతూనే ఉన్నాయి.

కణం గోడకి ఒక కాలింగ్ బెల్ ఉంటుంది.
బయటెవరో నొక్కితేనే లోపల మోగాలి.
ఆ పదిహేను అక్షరాలు పోయిన చోట
బొత్తాం లోపలికి దిగబడి ఇరుక్కుపోయింది.
వీధిలో ఎవరూ లేరు.
బెల్లు మోగుతూనే ఉంది.
లోపలివాళ్లు రాని చుట్టాల కోసం
ఎసరు మీద ఎసరు పెడుతూనే ఉన్నారు.

ఆ ఆదివారం రేవుకెళ్లాను.
కిలో తూచింది, కొసరు వేసింది.
నాకు తెలిసింది ఆమెకింకా తెలీదు.
చిల్లర లెక్కపెట్టుకుని వచ్చేశాను.

రోజుకో మాత్ర.
ఊరంతా తగలబెట్టే పాత మందులాంటిది కాదు.
ఆ బెల్లుకి కరెంటందే గూట్లో దూరి కూర్చుంటుంది.
డాక్టర్ హుంగ్ బొమ్మ గీసి చెప్పబోతే
"ఓ, మడతబందు దగ్గరా" అందట.
ఆల్చిప్ప బలానికి తెరుచుకోదు.
వెంట్రుకవాసి సందు ఎక్కడుందో
కత్తిమొనకి తెలియాలి.
"పూర్తిగా పోదమ్మా, అదుపులో పెడదాం" అంటే
"నా పేరే కదా" అందట.

ఆరు వారాలకి తెల్లమచ్చ సగమైంది.

అయితే అదే బెల్లు చర్మానికీ ఉంది, గోళ్ల మొదళ్లకీ.
మాత్రకి బెల్లు తెలుసు, ఇల్లు తెలీదు.
వేలికొసలు చీలాయి, గోరుచుట్లు లేచాయి,
ఉప్పునీళ్లు తగిలితే ప్రాణం పోయేది.
ఊపిరి తిరిగొచ్చింది, కత్తి చేజారింది.
కోడలు ఒలుస్తుంటే పక్కన పీట మీద కూచుని
"అలా కాదే మొరటుదానా, కింద నుంచి" అని సాధించేది.

పదహారు నెలలు.
ఈసారి ముక్క కూడా కాదు, రెండు గొట్టాల రక్తం.
చచ్చిన కణాలు విసిరేసిన చిత్తుకాగితాలు ఏరి
యంత్రం చదివింది:
ఏడువందల తొంభయ్యో పూస దగ్గర ఒక్క అక్షరం మారింది.
గూటి గుమ్మంలో
లావుపాటి మనిషెవరో వచ్చి కూచున్నట్టు.
మాత్రకిక దారి లేదు.

నేర్చుకుంది అనకండి. దానికి బుర్ర లేదు.
కోట్ల ప్రతుల్లో ఆ ఒక్కటీ ముందునుంచే ఉండి ఉంటుంది.
మనం మిగతావి కాల్చాం, అది మిగిలింది.

దానికీ ఇంకో మాత్ర ఉంది.
లావు మనిషి పక్కనుంచి ఒదిగి వెళ్లి
లోపలి గంధకపు కొక్కేనికి తనని తాను కట్టేసుకుంటుంది.
ముడి విప్పుకోదు.
గోళ్ల మీద కొంచెం దయ చూపిస్తుంది.

మొన్న రేవులో ఆమె చేతిలో మళ్లీ కత్తి చూశాను.
వేళ్లకి రబ్బరు తొడుగులు.
"ఆస్పత్రిలో ఏం చేస్తావు నువ్వు?"
"కోస్తానత్తా."
"సన్నగానా?"
"చాలా."
నా వేళ్ల వైపు కాసేపు చూసి
రెండుసార్లు కొసరు వేసింది.

ఇవాళ పొద్దున ఇంకో రెండు గొట్టాలు వచ్చాయి.
అదే పేరు.
యంత్రం మూత వేశాను.
సంచి వాసన ఇంకా నా చేతులకుంది.